పొరుగు చేల లెక్క – ప్రొఫెసర్ మహలనోబిస్ జీవితం

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు ముందుగా తోచిన పేరు ప్రొఫెసర్ ప్రశాంత చంద్ర మహలనోబిస్. 2007 నుంచి ఏటా జూన్ 29న దేశమంతటా గణాంక దినోత్సవం జరుగుతున్నది. అది ఆయన పుట్టినరోజు. రెండవ పంచవర్ష ప్రణాళిక రూపశిల్పిగా ఆయన పేరు అందరూ విన్నదే. అయితే ఆయన చేసిన పనుల్లో మనబోటివారికి, అనగా చేలగట్ల మీద తిరిగి, రిజిస్టర్లు పూరించి, పై ఆఫీసుకు స్టేట్‌మెంట్లు పంపినవారికి, మరింత దగ్గరగా ఉండే పని మరొకటి ఉంది. పక్కపక్కన ఉన్న పొలాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కనుక వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కించరాదు అన్నదే ఆ సంగతి. వినడానికి ఇంతే. దీన్ని పట్టించుకోకపోతే ప్రభుత్వం చేతిలో ఉన్న పంట లెక్కలు ఎంతవరకు నమ్మదగినవో తెలియకుండా పోతుంది. పంట లెక్క తప్పితే ఏమవుతుందో బెంగాలు ప్రజలు 1943లో అనుభవించారు.

మహలనోబిస్ గారు 1893లో కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. తాతగారు గురుచరణ్ మహలనోబిస్ సమాజ సంస్కరణలో పేరుపడ్డవారు. తండ్రి ప్రబోధ చంద్ర, తల్లి నీరోదవాసిని. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం ఆనర్సు 1912లో పూర్తిచేశారు. జగదీశ్ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయ్ గార్ల వంటి గురువుల వద్ద చదివే భాగ్యం ఆ తరం వారికే దక్కింది. 1913లో ఇంగ్లండు వెళ్ళారు. లండనులో చదువుదామన్నది అసలు ఉద్దేశం. ఒకరోజు కేంబ్రిడ్జి చూసి రావడానికి వెళ్ళి, అక్కడి కింగ్స్ కళాశాల ప్రార్థనా మందిరం అందం చూస్తూ ఉండిపోయి, తిరుగు ప్రయాణానికి చివరి రైలు తప్పిపోయారు. ఆ రాత్రి స్నేహితుని ఇంట ఆగవలసి వచ్చింది. ఇక్కడే చేరరాదా అని ఆ స్నేహితుడు సలహా ఇవ్వడం, ఆయన చేరిపోవడం జరిగాయి. రైలు అందుకుని ఉంటే మన దేశపు గణాంక చరిత్ర ఎలా ఉండేదో!

కేంబ్రిడ్జిలో ఆయనకు శ్రీనివాస రామానుజన్ గారితో స్నేహం కలిసింది. ఒకనాడు రామానుజన్ గారు తన గదిలో వంట చేసుకుంటుండగా, మహలనోబిస్ గారు ఒక పత్రికలో వచ్చిన ఇళ్ళ నంబర్ల లెక్క చదివి వినిపించారట. రామానుజన్ గారు కూర కలియబెడుతూనే దానికి జవాబు చెప్పారు. అదీ ఒక్క జవాబు కాదు, ఆ జాతి లెక్కలన్నిటికీ సరిపోయే సూత్రం! ఈ ముచ్చట మన పిల్లలకు, మనుమలకు చెప్పదగినది.

1915లో చదువు ముగించి స్వదేశానికి బయలుదేరే సమయానికి యుద్ధం వల్ల ఓడ ప్రయాణం ఆలస్యమయింది. ఆ ఖాళీలో కళాశాల గ్రంథాలయంలో ట్యూటరు మెకాలే గారు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చూపించారు. మహలనోబిస్ గారు ఆ సంపుటాలు మొత్తం కొనుక్కుని, ఓడలో చదువుతూ వచ్చారు. కలకత్తాలో దిగేసరికి భౌతికశాస్త్రం వృత్తిగా, గణాంకశాస్త్రం వ్యసనంగా మారిపోయాయి. ప్రెసిడెన్సీ కళాశాలలో ఫిజిక్సు పాఠాలు చెబుతూనే అక్కడి ఒక గదిలో గణాంకాల పని మొదలుపెట్టారు. 1923లో నిర్మల కుమారి గారిని వివాహం చేసుకున్నారు. ఆమెను అందరూ రాణి అని పిలిచేవారు. రవీంద్రనాథ ఠాకూరు గారికి ఈ దంపతులు ఆంతరంగికులు. మహలనోబిస్ గారు 1921 నుంచి పదేళ్ళు విశ్వభారతికి కార్యదర్శిగా పనిచేశారు. 1926లో కవిగారి విదేశ యాత్రలో దంపతులిద్దరూ వెంట ఉన్నారు.

ఆయన మొదట చేపట్టిన పెద్ద పనులు వరదలవి. 1922లో ఉత్తర బెంగాలులో పెద్ద వరదలు వచ్చాయి. నీటిని ఆపేందుకు పెద్ద పెద్ద మడుగులు కట్టాలని ఇంజనీర్లు ఆలోచిస్తున్నారు. మహలనోబిస్ గారు సుమారు 50 సంవత్సరాల వర్షపాతం, వరద లెక్కలు ముందేసుకుని, అక్కడ కావలసింది నీటిని ఆపడం కాదు, త్వరగా పోనివ్వడమని తేల్చారు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి వరద వచ్చినప్పుడూ ఇటువంటిదే జరిగింది. నది అడుగు పైకి లేచిందని, కరకట్టలు ఇంకా ఎత్తు చెయ్యాలని నిపుణులు అభిప్రాయపడ్డారు. ఈయన 60 సంవత్సరాల లెక్కలు చూసి, అడుగు లేవలేదని, వర్షం ఎక్కువ పడడమే కారణమని, ఎగువన ఆనకట్టలు కట్టడమే మార్గమని చెప్పారు. తర్వాత మహానది మీద వచ్చిన హీరాకుడ్ ప్రాజెక్టుకు ఈ ఆలోచనలో బీజం ఉంది. ఉన్న రికార్డును శ్రద్ధగా చదివితే కోట్ల రూపాయల పని దారి మళ్ళుతుందన్నమాట.

1931 డిసెంబరు 17న కలకత్తాలో జరిగిన సమావేశంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆలోచన రూపుదిద్దుకుంది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో రిజిస్టరయింది. తొలి సంవత్సరం ఖర్చు 250 రూపాయల లోపు. 1933లో సాంఖ్య అనే పరిశోధన పత్రిక ప్రారంభమయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ రోజుల్లో ప్రపంచానికి కావలసిన జనపనారలో అధిక భాగం బెంగాలులోనే పండేది. పంట ఎంత వస్తుందన్న అంచనా మీద రైతుకు దక్కే ధర, మిల్లుల కొనుగోలు, ఎగుమతి వ్యాపారం అన్నీ ఆధారపడేవి. ఆ అంచనా ఎక్కడి నుంచి వచ్చేది? మన రైత్వారీ ప్రాంతాల్లో కరణాలు ఉండేవారు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ఏటా అడంగల్లో రాసేవారు. ఆ అడంగల్ మంచిదో చెడ్డదో, రాసిన కాగితం అంటూ ఒకటి ఉండేది. బెంగాలులో శాశ్వత శిస్తు నిర్ణయం. శిస్తు పెరిగేదీ లేదు, తరిగేదీ లేదు కనుక, ఏ చేలో ఏం వేశారో సర్కారుకు అక్కరలేకపోయింది. ఊరి చౌకీదారు ఠాణాకు వచ్చినప్పుడు ఈ ఏడు పంట రూపాయికి పది అణాలో, పన్నెండు అణాలో అని చెప్పేది పైకి పోయేది. ఇటువంటి పునాది మీద లక్షల బేళ్ళ వ్యాపారం నడిచేది.

1937లో ఇండియన్ సెంట్రల్ జూట్ కమిటీ ఈ పని మహలనోబిస్ గారికి అప్పగించింది. ప్రతి చేనూ చూడాలంటే వేలాది మనుషులు కావాలి. కొన్ని చేలు చూసి మొత్తం చెప్పాలంటే ఎన్ని చేలు, ఎక్కడి చేలు?

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన ఇళ్ళల్లో. నమూనా సర్వేల గురించి ఉపన్యాసం ఇచ్చేవారందరూ ఈ మాట వాడతారు. కాని గిన్నెలో సెగ, నీరు అంతటా ఒకటిగా అందుతాయి. భూమి అలా కాదు. పల్లపు నేలలన్నీ ఒకచోట, మెరక నేలలన్నీ ఒకచోట ఉంటాయి. ఒక కాలువ కింద ఉన్న నలభై చేలకు ఒకే రోజున నీరు వస్తుంది, ఒకే రోజున ఆగుతుంది. ఒకరి చేలో పురుగు పడితే గట్టు దాటి పక్క చేలోకి వస్తుంది. ఒక రైతు జనపనార వేసి లాభపడ్డాడని చూసి పక్క రైతు వేస్తాడు. కాబట్టి ఒక చేను చూసిన తర్వాత దాని పక్క చేను చూస్తే, కొత్తగా తెలిసేది కొంతే. మిగతాది ముందే తెలిసినదే మళ్ళీ తెలియడం.

ఇది ఎంత పెద్ద తేడా తెస్తుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒకే ఊళ్ళో 20 చేలు తీసుకున్నామనుకుందాం. వాటిలో ఏ రెండింటి మధ్యనైనా సహసంబంధం 0.3 అనుకుందాం, పొలాల విషయంలో ఇదేమీ అసాధ్యమైన అంకె కాదు. 20 లోంచి ఒకటి తీసివేసి, 0.3తో హెచ్చవేసి, ఒకటి కలిపితే 6.7 వస్తుంది. 20ని దానితో భాగిస్తే సుమారు 3. అంటే ఎండలో ఇరవై చేలు తిరిగి వచ్చినా, మన చేతికి వచ్చినది ఒకదానికొకటి సంబంధం లేని మూడు చేల సమాచారమే. ఈ సంగతి విస్మరించి మామూలు సూత్రంతో దోషం కట్టామంటే, అసలు దోషం కాగితం మీద కనిపించేదానికి సుమారు రెండున్నర రెట్లు ఉంటుంది. తప్పు అంకె వేయడం ఒక ప్రమాదం. అంకె ఎంత గట్టిదో తప్పుగా చెప్పడం అంతకన్నా పెద్ద ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి పైవారు ఉత్తర్వులు జారీ చేస్తారు.

ఈ ఇబ్బందిని గ్రహించినవారు అంతకుముందు లేకపోలేదు. ఇంగ్లండులో రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆర్.ఎ.ఫిషర్ గారు ప్రయోగ క్షేత్రాల్లో పక్కపక్క మడుల పోలికను ఎదుర్కోవడానికి మడులను బ్లాకులుగా విభజించి, ఏ మడికి ఏ ఎరువు అన్నది చీటీ తీసి నిర్ణయించే పద్ధతి పెట్టారు. మన దేశంలోనే, బీహారు ఒరిస్సాల్లో 1920లలో హబ్బక్ అనే ఐ.సి.ఎస్. అధికారి వరి దిగుబడికి నమూనా కోతలు చేసి 1927లో నివేదిక ప్రచురించారు. మహలనోబిస్ గారు వీరిద్దరి పనినీ గౌరవించారు. కాని ప్రయోగ క్షేత్రం కొన్ని ఎకరాలు. బెంగాలు రాష్ట్రం అప్పట్లో కోట్ల ఎకరాలు. అంత విస్తీర్ణం మీద పొరుగు చేల పోలికను కొలిచి, దాన్ని పని పథకంలోకి తెచ్చిన ఘనత ఈయనది.

ఆయన చేసిన విధానం ఇది. బెంగాలులో మౌజా పటాలు ఉన్నాయి, మైలుకు 16 అంగుళాల కొలతలో. ఆ పటం మీద యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక సాయంతో ఒక బిందువు తీసుకుని, అక్కడ ఒక చదరపు గడి గీస్తారు. ఆ గడిలో పడిన చేలన్నిటిలో ఏ పంట ఉందో మనిషి వెళ్ళి రాసుకురావాలి. ఇప్పుడు ప్రశ్న ఏమంటే, గడి పెద్దది చెయ్యాలా, గడుల సంఖ్య పెంచాలా? చేలు ఒకదానికొకటి సంబంధం లేనివైతే, గడి నాలుగు రెట్లు పెద్దదైతే విస్తృతి, అంటే గడికీ గడికీ మధ్య హెచ్చుతగ్గుల కొలత, నాలుగో వంతుకు తగ్గాలి. మహలనోబిస్ గారు ముందుగా కొన్ని చిన్న ప్రాంతాల్లో ప్రతి చేనూ రాయించి, ఆ పూర్తి పటం బల్ల మీద పరచుకుని, దాని మీద రకరకాల సైజు గడులు వేసి చూశారు. విస్తృతి తగ్గుతోంది గాని, అంతగా తగ్గడం లేదు. కొన్నిచోట్ల సగానికి తగ్గుతుందో లేదో! కారణం పొరుగు చేల పోలిక. జనపనార పొలాలు గుప్పెడు గుప్పెడుగా, అతుకులు అతుకులుగా ఉన్నాయి. గడి పెద్దది చేస్తే అదే అతుకును ఎక్కువసేపు చూస్తున్నామన్నమాట. ఈ తగ్గుదలకు ఆయన ఒక సూత్రం కట్టారు. అదే కాలంలో, 1938లో, ఫెయిర్‌ఫీల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ప్రయోగ క్షేత్రాల్లో ఇటువంటి నియమాన్నే ప్రకటించారు.

అయితే చిన్న గడులు అనేకం పెడితే సరిపోతుందా? అక్కడ మరో చిక్కు. గడికీ గడికీ మధ్య మనిషి నడవాలి. నడకకు పొద్దు పడుతుంది, పొద్దుకు కూలి పడుతుంది. అందుచేత ఫీల్డు సిబ్బందిలో ఎవరికి ప్రయాణానికి ఎంత సమయం, చేను గుర్తించడానికి ఎంత, రాయడానికి ఎంత, కాగితాలకు ఎంత అని లెక్క రాయించారు. ఈ మాట చదివి మన పాత మిత్రులు కొందరు టూరు డైరీలు గుర్తుచేసుకుని నవ్వుకుంటారేమో! కాని ఆ డైరీలే ఖర్చు సూత్రానికి ఆధారం. ఒకపక్క పొరుగు చేల పోలిక చెప్పే దోష సూత్రం, మరోపక్క నడక చెప్పే ఖర్చు సూత్రం, రెండింటినీ కలిపి ఏ ప్రాంతంలో ఎంత గడి, చదరపు మైలుకు ఎన్ని గడులు అన్నది నిర్ణయించారు. ఒక్కసారిగా రాష్ట్రమంతా చెయ్యలేదు. 1937 నుంచి చిన్న చిన్న ప్రాంతాల్లో పరీక్షిస్తూ, ఏటేటా విస్తరిస్తూ, నాలుగైదేళ్ళకు రాష్ట్రమంతటికీ వెళ్ళారు. ఈ రోజున పైలట్ సర్వే అనే మాట అందరి నోటా ఉంది. దాన్ని ఇంత క్రమంగా నడిపించి చూపినది ఆయనే.

ఇంకొక ఏర్పాటు నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది. ప్రతి ప్రాంతంలోనూ నమూనాను రెండు భాగాలు చేశారు. రెండూ అదే ప్రాంతమంతటా అల్లుకుని ఉంటాయి. ఒక భాగం ఒక బృందానికి, రెండో భాగం మరో బృందానికి. ఒకరి ఫలితం ఒకరికి తెలియదు. చివరికి రెండు అంచనాలు పక్కపక్కన పెడితే, వాటి మధ్య తేడాయే చెబుతుంది, ఈ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చునో. ఇందులో పొరుగు చేల పోలిక ఎంతో ముందే ఊహించవలసిన పని లేదు. మనుషుల అశ్రద్ధ కూడా బయటపడుతుంది. చేను చూడకుండా చెట్టు కింద కూర్చుని ఫారం నింపినవాడు ఏదో ఒకనాడు దొరికిపోతాడు. నిజాయితీగా తిరిగినవాడికి మాత్రం దీనివల్ల రక్షణ. పై అధికారి సందేహపడితే రెండో బృందం అంకె అతని తరఫున సాక్ష్యం చెబుతుంది.

ఫలితం ఏమయింది? 1940లలో ఒక సంవత్సరం బెంగాలు ప్రభుత్వం ప్రతి చేనూ లెక్కపెట్టించింది. సుమారు 33,000 మంది, 82 లక్షల రూపాయల ఖర్చు. ఇన్‌స్టిట్యూట్ వారు 600 మందితో, 8 లక్షల రూపాయలతో నమూనా సర్వే చేశారు. చేను చేనూ లెక్క 63 లక్షల బేళ్ళని చెప్పింది. నమూనా సర్వే 75 లక్షలు దాటుతుందంది. ఆఖరున వ్యాపార, కస్టమ్సు లెక్కలు తేలేసరికి సరుకు 75 లక్షల పైచిలుకే. పదో వంతు ఖర్చుతో చేసిన పని దాదాపు సరిగ్గా నిలిచింది, పెద్ద లెక్క ఆరో వంతు తక్కువ చూపింది. మందిని పెంచితే లెక్క మెరుగవుతుందనుకునేవారికి ఇది మింగుడుపడలేదు. 1944లో ఈ పనినంతటినీ వివరిస్తూ రాసిన పెద్ద వ్యాసాన్ని లండను రాయల్ సొసైటీ ప్రచురించింది. 1945లో ఆయన ఆ సొసైటీ సభ్యులయ్యారు.

జనపనార లెక్క ఇలా కుదుటపడుతుండగానే వరి లెక్క లేని బెంగాలులో 1943 కరువు వచ్చింది. బియ్యం ఎంత ఉందో, ఎక్కడ ఉందో ప్రభుత్వం దగ్గర నమ్మదగిన అంకె లేదు. చనిపోయినవారు 15 లక్షలని ప్రభుత్వ విచారణ సంఘం అంచనా కట్టింది; 30 లక్షల వరకూ అని తర్వాతి పరిశోధకులు కొందరు చెప్పారు. అంకె లేకపోవడం ఒక్కటే ఆ ఘోరానికి కారణం కాదు, యుద్ధం, ధరలు, పాలకుల ఉదాసీనత అన్నీ ఉన్నాయి. కరువు వెళ్ళిన తర్వాత మహలనోబిస్ గారి సిబ్బంది ఊరూరా తిరిగి, ఎన్ని కుటుంబాలు భూమి అమ్ముకున్నాయో, ఎందరు దిక్కులేనివారయ్యారో నమూనా సర్వే చేసి 1946లో ప్రచురించారు. ఆ పని చేసిన ఫీల్డు ఉద్యోగుల పేర్లు ఎక్కడా పెద్దగా కనిపించవు.

ఆయన ప్రతి విషయంలోనూ నెగ్గలేదు. దిగుబడి కొలవడానికి చేలో ఎంత జాగా కొయ్యాలి అన్న దానిపై పి.వి.సుఖాత్మే గారితో పెద్ద వివాదం నడిచింది. పొరుగు జాగాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కనుక ఒకేచోట ఎక్కువ కొయ్యడం వృథా, కొద్ది అడుగుల వృత్తాలు అనేకచోట్ల కోస్తే మేలని మహలనోబిస్ గారి వాదం. సిద్ధాంతం సబబే. కాని పంట కోత ప్రయోగాలు స్వయంగా చేసినవారికి తెలుసు, గిరి మీద పడిన దుబ్బు లోపలిదా, బయటిదా అన్న తగువు. చెయ్యి సహజంగా లోపలికే లాగుతుంది. రెండు అడుగుల వ్యాసార్థం గల వృత్తంలో ఆ గిరి ఒక్క అంగుళం బయటకు జరిగితే దిగుబడి 8 శాతం పైగా పెరిగిపోతుంది. సుఖాత్మే గారు వాడిన 33 అడుగుల పొడవు, 16½ అడుగుల వెడల్పు మడిలో గిరి చుట్టూ ఒక అంగుళం జరిగినా పెరిగేది ఒకటిన్నర శాతమే. 1946లో ఆయన ఈ సంగతి ప్రకటించారు. నా అభిప్రాయంలో ఈ విషయంలో సుఖాత్మే గారిదే పైచేయి. మన తరం తాడు, మేకులు పట్టుకుని వేసిన అయిదు మీటర్ల చదరపు మడి ఆ కోవలోనిదే. రైతు వచ్చి, ఆ మూల చూడండి బాబూ, పంట బాగుంది అంటున్నా, పట్టికలో వచ్చిన మూలకే నడిచిన అనుభవం మనలో ఎందరికో ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన బాధ్యతలు పెరిగాయి. 1947 నుంచి ఐక్యరాజ్యసమితి శాంప్లింగ్ ఉపసంఘంలో పనిచేశారు. 1949లో కేంద్ర మంత్రివర్గానికి గణాంక సలహాదారు, జాతీయ ఆదాయ సంఘానికి అధ్యక్షులు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలయింది. మొదటి విడతలోనే సుమారు 1,800 గ్రామాలకు మనుషులు వెళ్ళారు. రెండు భాగాల నమూనా పద్ధతి అందులోనూ కొనసాగింది. 1956లో ఇన్‌స్టిట్యూట్‌కు విదేశాల నుంచి ఎలక్ట్రానిక్ కంప్యూటరు వచ్చింది. 1959లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. రెండవ ప్రణాళికలో భారీ పరిశ్రమలకు ఆయన ఇచ్చిన పెద్దపీట గురించి పొగడ్తలు, తెగడ్తలు రెండూ ఎన్నో వచ్చాయి. ఆ చర్చ ఇక్కడ పెట్టుకోను. మనిషి మాత్రం మొండివాడని, సంస్థను తన చేతి మీదుగానే నడిపించేవాడని సన్నిహితులే ఒప్పుకునేవారు.

మన తెలుగువారికి ఆయనతో ఉన్న బంధం ప్రొఫెసర్ సి.ఆర్.రావు గారి ద్వారా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, యుద్ధకాలంలో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, అది దొరకక, 1941 జనవరిలో ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థిగా చేరారు. మహలనోబిస్ గారి శిక్షణలో, తర్వాత ఆయన సహచరునిగా ఎదిగారు. మహలనోబిస్ గారు 1936లో ప్రకటించిన దూరం అనే కొలతను వాడి ఉత్తర ప్రదేశ్ జన సముదాయాల శరీర కొలతలను ఇద్దరూ, మజుందార్ గారితో కలిసి, విశ్లేషించారు. ఆ కొలతలోనూ కీలకం అదే సంగతి. ఎత్తు, చేతి పొడవు ఒకదానితో ఒకటి సంబంధం గలవి కనుక రెండుసార్లు లెక్కించరాదు. రావు గారు 2023 ఆగస్టులో 102 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు.

పొరుగు పోలిక లెక్క తర్వాతి కాలంలో పెద్ద శాస్త్రమే అయింది. ఆస్ట్రేలియాకు చెందిన మోరాన్ 1948, 1950 సంవత్సరాల్లో, ఐర్లండుకు చెందిన గియరీ 1954లో, పటం మీద పక్కపక్క ప్రాంతాలు ఎంతవరకు పోలి ఉన్నాయో చెప్పే సూచికలు ఇచ్చారు. మోరాన్ సూచిక సున్నా దగ్గర ఉంటే పోలిక లేనట్టు, పైకి పోయిన కొద్దీ ఇరుగుపొరుగు ఒక్కటే అన్నట్టు. గియరీ తన ఉదాహరణలకు ఐర్లండులోని 26 కౌంటీలను తీసుకున్నారు. 1973లో క్లిఫ్, ఆర్డ్ అనే ఇద్దరు ఒక పుస్తకంలో ఈ పద్ధతులన్నీ కూర్చి పెట్టారు. స్పేషియల్ ఆటో కోరిలేషన్ అన్న పేరు దానితో స్థిరపడింది. జిల్లాలవారీ అంకెలతో సూత్రం కట్టినప్పుడు, సూత్రం చెప్పినదానికీ అసలు అంకెకూ మధ్య మిగిలిన తేడాలను పటం మీద వేసి చూడాలి. తేడాలు అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటే మంచిది. ఎక్కువలన్నీ ఒకమూల, తక్కువలన్నీ ఒకమూల చేరితే ఏదో విషయం సూత్రంలోకి రాకుండా మిగిలిపోయిందన్నమాట. అప్పుడు పొరుగు జిల్లా అంకెను కూడా సూత్రంలో చేర్చి, ఆ సంబంధాన్ని విడిగా కొలవాలి.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గియరీ గారి కౌంటీల సంఖ్యే! కంప్యూటరులో వరసలు రెట్టింపయ్యాయి కనుక, మామూలు సూత్రం తన దగ్గర సమాచారం రెట్టింపయిందని నమ్ముతుంది. కాని ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి నీరు రెట్టింపు కాలేదు. ఒకే డెల్టాలోని వరి దిగుబడి ఇప్పుడు మరిన్ని పేర్లతో మరిన్ని వరసల్లో కనిపిస్తున్నది, అంతే. ఇంట్లో మనుమలో మనుమరాండ్రో జిల్లా లెక్కల మీద పరిశోధన చేస్తూ ఉంటే, తేడాలను పటం మీద వేసి చూశారా అని ఒకమారు అడిగి చూడండి.

మహలనోబిస్ గారికి 1968లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అప్పటికి వయస్సు 74. అయినా ఇన్‌స్టిట్యూట్ పని వదలలేదు. బరానగరులోని ఆమ్రపాలి అనే ఇంట్లో దంపతులు నివసించారు, వారికి సంతానం లేదు. 1972 జూన్ 28న కలకత్తాలో ఆయన కన్నుమూశారు. మరునాటికి 79 ఏళ్ళు నిండేవి. 125వ జయంతి సందర్భంగా 2018లో భారత ప్రభుత్వం ఆయన పేరిట 125 రూపాయల స్మారక నాణెం, దానితోపాటు 5 రూపాయల నాణెం విడుదల చేసింది.